డిజిటల్ ప్రతిలో దిద్దుబాటు: పరిష్కర్త బాధ్యత ఎంతవరకు?

పాఠ పరిష్కరణ గురించి మన తెలుగు శాఖల్లో జరిగిన చర్చ ప్రధానంగా తాళపత్రాలకూ కాగితపు ప్రతులకూ అచ్చు పుస్తకాలకూ సంబంధించినది. లేఖక దోషం, పాఠాంతరం, ప్రక్షిప్తం, ప్రతుల వంశవృక్షం వంటి పరిభాష అంతా ఆ పరిధిలోనే రూపొందింది. ఈనాడు మనం చదివే, ఉదాహరించే, విద్యార్థులకు పంపే పాఠాలలో చాలా భాగం కంప్యూటర్‌లోని ఫైళ్లు. వాటిని దిద్దడం, వాటి రూపాన్ని తీర్చడం కేవలం సాంకేతికమైన పని అనీ, అది డి.టి.పి. చేసేవారికి సంబంధించినదనీ మనలో ఒక భావం స్థిరపడి ఉంది. దానిలో నైతికమైన ప్రశ్న ఒకటి ఉందని చెప్పడమే ఈ వ్యాస ఉద్దేశం. ఆ ప్రశ్న నాకు నా పొరపాటు వల్లనే ఎదురైంది కనుక అక్కడి నుంచే మొదలుపెడతాను.

నా సిద్ధాంత గ్రంథంలో ఒక అధ్యాయం ఒకానొక కావ్యంలోని రేఫ-శకటరేఫ సాంకర్యానికి సంబంధించినది. సాధురేఫకూ శకటరేఫకూ ప్రాసమైత్రి లేదని పూర్వ లాక్షణికులు చెప్పినా, ఉచ్చారణలో భేదం నశించిన కొద్దీ కవులు వాటిని కలపడం మనకు తెలిసినదే. ఆ కలిపిన తీరు కవి కాలం గురించీ, ఒక్కొక్కసారి లేఖకుని అలవాటు గురించీ ఏదో ఒకటి చెబుతుంది. అందుకోసం ఆ కావ్యపు పాత ముద్రణను నేనే కూర్చుని టైపు చేసుకున్నాను. పదసూచిక తయారుచేసే సమయంలో ఒకే పదం రెండు వర్ణక్రమాలతో రెండు చోట్ల పడుతుంటే చికాకు కలిగింది. వెదికి మార్చే ఆదేశాన్ని తెరిచి, పై గడిలో ఱ, కింది గడిలో ర ఇచ్చి 'అన్నీ మార్చు' అన్నాను. ఎన్ని చోట్ల మారిందో ఒక సంఖ్య చూపి యంత్రం ఊరుకుంది. 'సరే' నొక్కాను. వేరొక పేరుతో దాచదలచిన ప్రతిని పాత పేరుతోనే దాచాను. కొన్ని వారాల తరువాత ప్రాసల పట్టిక వేయబోతే కావ్యమంతటా సాంకర్యమే కనబడలేదు. కలవడానికి రెండు రేఫలు మిగిలి ఉంటే గదా!

ఎవరికైనా జరిగేదే అని దీనిని వదిలివేయవచ్చు. మూల ముద్రణ గ్రంథాలయంలో ఉంది, మళ్లీ టైపు చేసుకోవచ్చు. అయినా నన్ను వదలని విషయం ఒకటుంది. అన్ని వందల చోట్ల పాఠాన్ని మార్చినవాడిని నేనే, కాని వాటిలో ఒక్క చోటునైనా నేను చూడలేదు. చూడని దిద్దుబాటుకు కర్తృత్వం ఎవరిది? నాదే అనడం సులభం. అలా అన్నప్పుడు 'దిద్దుట' అనే మాటకు ఇంతవరకు ఉన్న అర్థం మిగిలి ఉందా అన్నది సులభమైన ప్రశ్న కాదు.

పూర్వం చదవకుండా దిద్దడం సాధ్యమయ్యేది కాదు. గంటంతో ఆకుమీద రాసిన వ్రాయసకానికి ప్రతి అక్షరమూ కంటి గుండా, చేతి గుండా వెళ్లింది. అతడు పంక్తి దాటేసి ఉండవచ్చు, తనకు తెలియని పదాన్ని తెలిసిన పదంగా మార్చి ఉండవచ్చు. ఆ తప్పులు ఒక్కొక్కటీ ఒక్కొక్క చోట, ఒక్కొక్క కారణంతో జరిగినవి. 19వ శతాబ్దంలో సి.పి. బ్రౌన్ కడపలో పండితులను నియమించి, ఒక్కొక్క కావ్యానికి దొరికినన్ని ప్రతులను పోల్పించి శుద్ధప్రతులు రాయించాడు. ఆ పండితులు తీసుకున్న నిర్ణయాలన్నీ సరైనవని ఎవరూ అనరు. కాని ప్రతి నిర్ణయం వెనుకా ఒక పద్యాన్ని చదివి, తలపంకించి, ఒక పాఠాన్ని ఎంచుకున్న మనిషి ఉన్నాడు. అచ్చుకూటంలో సీసపు అక్షరాలు కూర్చినవాడు సైతం, అర్థం పట్టించుకున్నా పట్టించుకోకపోయినా, ఒక్కొక్క అక్షరాన్నీ వేళ్లతో తీసి పెట్టినవాడే.

అందువల్లనే ఆ తప్పులు మనకు పనికివచ్చాయి. రెండు ప్రతులలో ఒకే చోట ఒకే లోపం ఉంటే ఆ రెండింటికీ మాతృక ఒకటే అయి ఉండవచ్చునని మనం ఊహిస్తాం. ఒకే ప్రతిలో ఒక పదం ఒక చోట శకటరేఫతోనూ మరొక చోట సాధురేఫతోనూ ఉంటే ఆ అనిశ్చితిని బట్టి లేఖకుని కాలపు ఉచ్చారణను అంచనా వేస్తాం. పాఠ విమర్శకు ఆధారం నిలకడ లేకపోవడమే. 'అన్నీ మార్చు' అనే ఆదేశం ముందుగా తీసివేసేది దానినే. ఆ ఆదేశం పాటించిన ప్రతి ఎంతో శుభ్రంగా ఉంటుంది. సాక్షి ఇంటికి వెళ్లిపోయిన న్యాయస్థానం కూడా అంతే శుభ్రంగా ఉంటుంది.

ఇక్కడ ఒక ఆక్షేపణకు అవకాశం ఉంది. అరసున్ననూ బండి ఱనూ వదులుకోవడం భాషా సంస్కరణలో భాగమే. గిడుగు వారి కృషి తరువాత వాటికోసం పట్టుబట్టడం ఛాందసం అనవచ్చు. నేను రాస్తున్న ఈ వ్యాసంలోనూ అవి లేవు. కాని నా రచనను నా కాలపు వర్ణక్రమంలో రాయడం వేరు, మరొకరి రచనను నా కాలపు వర్ణక్రమంలోకి చెప్పకుండా తేవడం వేరు. ఈ రెండు 'వేరు'లలోనూ శకటరేఫ ఉండవలసి ఉండెనని, అది లేనప్పుడు ఈ పదం చెట్టు వేరు అయిపోతుందని పాత నిఘంటువు చూసినవారికి తెలుసు. ఏఁడు సంవత్సరం, ఏడు ఒక సంఖ్య. నాఁడు దినం, నాడు దేశం. సందర్భం అర్థాన్ని కాపాడుతుందన్నది చాలావరకు నిజమే. సందర్భమే సందిగ్ధమైన చోట పరిష్కర్త మనకు ఏమీ మిగల్చడు. సాంకేతిక పరిమితి అన్న సాకు కూడా ఇప్పుడు చెల్లదు. తెలుగుకు యూనికోడ్‌లో కేటాయించిన 128 స్థానాలలో అరసున్నకూ ఱకారానికీ మొదటి నుంచీ చోటుంది. అవగ్రహమూ, దంత్య చజలూ 2008లో చేరాయి. యంత్రం వాటిని భద్రపరచగలదు. భద్రపరచాలా వద్దా అన్నది మన నిర్ణయం.

మరి ఏ మార్పు పాఠాన్ని మార్చినట్లు, ఏ మార్పు రూపాన్ని మాత్రమే మార్చినట్లు? సాఫ్ట్‌వేర్ ఈ విభజనను చాలా ధీమాగా చేస్తుంది. ఫాంటు, పరిమాణం, అంచులు, పంక్తుల మధ్య ఎడం ఇవన్నీ ఫార్మాటింగ్, మిగిలినది విషయం. సాహిత్య విద్యార్థికి ఈ గీత అంత నమ్మదగినది కాదు. తాళపత్రంలో పద్యం పాదవిభజన లేకుండా వచనంలాగా సాగిపోతుంది. దానిని నాలుగు పంక్తులుగా విడగొట్టింది అచ్చు. ఆ విభజనలో పొరపాటు జరిగినా ఇబ్బంది లేదు. గణాలు, యతిప్రాసలు ఉన్నాయి కనుక ఛందస్సు తెలిసినవారు దానిని తిరిగి సరిచేయగలరు. కుందుర్తి ఆంజనేయులు ప్రచారం చేసిన వచన కవిత విషయంలో అది సాధ్యం కాదు. కవి ఎక్కడ పంక్తి విరిచాడో చెప్పడానికి ఆ విరుపు తప్ప మరో ఆధారం లేదు. ఫైలును ఒక చోట నుంచి మరొక చోటికి అతికించేటప్పుడు పంక్తులన్నీ కలిసిపోతే, ఒక కందపద్యానికి జరిగింది కేవలం రూపనష్టం, ఒక వచన కవితకు జరిగింది పాఠనష్టం. ఒకే మీట, ఒకే ఆదేశం.

దీనిని బట్టి నాకు తోచిన కొలమానం ఇది: మార్పు కంటికి కనిపిస్తుందా లేదా అన్నది ముఖ్యం కాదు, మారిన ప్రతి నుంచి మారని ప్రతిని తిరిగి పొందగలమా అన్నది ముఖ్యం. అక్షరాల పరిమాణం పెంచితే తగ్గించుకోవచ్చు. ఱను రగా మార్చితే ఏ ర మొదటి నుంచీ ర, ఏది కాదో చెప్పడం ఇక ఆ ప్రతికి చేతకాదు. కంటికి కనిపించడం కొలమానం కాదనడానికి తెలుగు లిపిలోనే చక్కని ఉదాహరణలున్నాయి. 'ఐత్వం' ఒకే సంకేతంగా ఫైలులో ఉండవచ్చు, లేదా ఎత్వమూ కింది గుర్తూ అనే రెండు సంకేతాలుగా ఉండవచ్చు. చూపుకు రెండూ ఒకటే, యూనికోడ్ ప్రమాణమూ వాటిని సమానంగానే లెక్కిస్తుంది. ఒకదానిని మరొకదానిగా మార్చినవాడు పాఠానికి ఏ అపకారమూ చేయలేదు. 'హైదరాబాద్‌లో' అన్నప్పుడు పొల్లుకూ లకారానికీ మధ్య కంటికి కనిపించని ఒక సంకేతం ఉంటుంది. ఫైలును 'శుభ్రం' చేసే ప్రక్రియ దానిని అనవసరమనుకుని తొలగిస్తే అది 'హైదరాబాద్లో' అయి, లకారం వత్తుగా మారి కిందికి దిగుతుంది. కనిపించని దానిని తొలగించినందుకు కనిపించేది మారింది. తొలగించినవారు ఏమి తొలగించారో వారికే తెలియదు.

తెలియకుండా జరిగే మార్పులలో నన్ను ఎక్కువగా కలవరపెట్టేది ఇంకొకటి ఉంది. మాండలికంలో రాసిన సంభాషణ కింద వర్ణక్రమ పరీక్ష గీసే ఎర్రగీత. గురజాడ పాత్రల మాటలనూ, దాశరథి రంగాచార్య తెలంగాణ పలుకుబడిలో రాసిన సంభాషణలనూ ఈనాడు ఎవరైనా టైపు చేస్తే పుటలో సగం ఎర్రబడుతుంది. 'పోయిండు' తప్పు, 'పోయాడు' ఒప్పు అని ఆ పరికరం ఎవరితోనూ వాదించదు; గీత గీసి ఊరుకుంటుంది. రోజంతా ఆ గీతలు చూసి అలసిన చేయి ఒకటి రెండు చోట్ల సూచనను అంగీకరిస్తుంది. పత్రికల ఉపసంపాదకులు ఇలాంటి దిద్దుబాట్లు ఒకప్పుడు చేయలేదా అంటే, చేశారు. దానిపై రచయితలు కోపగించుకున్నారు, తగవులాడారు. తగవుకు అవతల మనిషి ఉన్నాడు. ఎర్రగీతతో తగవు పెట్టుకోవడం ఎలా?

ఆనవాలు మిగల్చడమే దీనికి సమాధానమని తొందరపడి చెప్పవచ్చు. సాధనాలు లేకపోలేదు. మార్పులను గుర్తించి చూపే సదుపాయం వర్డ్‌లో ఉంది. తెలుగు వికీసోర్స్‌లో పుట చిత్రం పక్కనే పాఠం ఉంటుంది, ప్రతి మార్పూ చరిత్రలో నిలుస్తుంది, ఒకరు దిద్దిన పుటను మరొకరు సరిచూస్తారు. 1987లో మొదలైన టెక్స్ట్ ఎన్‌కోడింగ్ ఇనిషియేటివ్ పద్ధతిలో మూలంలోని రూపాన్నీ సవరించిన రూపాన్నీ ఒకే చోట పక్కపక్కన నమోదు చేయవచ్చు. ఏది చూడాలో చదువరి ఎంచుకుంటాడు. అధోజ్ఞాపికలో పాఠాంతరాలు ఇచ్చిన మన పరిష్కర్తల సంప్రదాయానికి ఇది సహజమైన కొనసాగింపు. పరిష్కర్తకు ఉండే శక్తి ఎంతటిదో, దానిపై అనుమానం ఎంత దూరం పోగలదో మన చరిత్రలోనే ఉంది. 1909లో మానవల్లి రామకృష్ణకవి నన్నెచోడుని కుమారసంభవాన్ని ప్రకటించిన తరువాత, ఆ కావ్యాన్ని పరిష్కర్తే సృష్టించాడన్న వాదం వరకు చర్చ వెళ్లింది. ఆ వాదాన్ని అంగీకరించినా, నిరాకరించినా, దానిని పరీక్షించడానికి పుస్తకం వెలుపల వెదకవలసిన ప్రతి అనేది ఒకటుంది. మాతృక లేని ఫైలు విషయంలో పరీక్షకు అవకాశమే ఉండదు, నిందితుడైన పరిష్కర్త తన నిజాయితీని నిరూపించుకోవడానికి కూడా.

అయినా ప్రతి దిద్దుబాటూ కనిపించాలన్న నియమాన్ని నేను పూర్తిగా సమర్థించలేను. రచయిత విషయంలో అది అన్యాయమవుతుంది. కన్యాశుల్కం 1897లో ఒక రూపంలోనూ 1909లో ఎంతో పెరిగి మరొక రూపంలోనూ వెలువడింది. మొదటి కూర్పును బంగోరె వెలికితెచ్చినప్పుడు గురజాడకు అన్యాయం జరగలేదు. ఆయనే ఒకప్పుడు లోకానికి ఇచ్చినది అది. కాని ఒక రచయిత తన ఫైలులో రాసి, చెరిపి, ఎవరికీ చూపదలచని వాక్యాన్ని ఆ ఫైలు చరిత్రలో నుంచి తవ్వి తీయడం పరిశోధన అవుతుందా? ఆయన చెరిపినది ఆయన హక్కు. పరిష్కర్త చెరిపినది పరిష్కర్త సొంతం కాదు. అందువల్ల ఒకే సాధనం ఒకరి విషయంలో బాధ్యత, మరొకరి విషయంలో చొరబాటు. పరిశోధకులు రచయితల కుటుంబాల నుంచి కాగితాలకు బదులు హార్డ్ డిస్కులు అందుకునే రోజు వచ్చింది కనుక ఈ భేదాన్ని మన శాఖలు ఇప్పుడే చర్చించుకోవడం మంచిది.

ఆనవాలు చదవడాన్ని భర్తీ చేయదన్నది రెండో చిక్కు. మార్పుల చరిత్ర ఉన్నా, వందల చోట్ల ఒకేసారి జరిగిన మార్పును తరువాత ఎవరు ఒక్కొక్కటిగా చూస్తారు? 'అన్నీ అంగీకరించు' అనే మీట కూడా అక్కడే ఉంది. చదవకుండా చేసినదాన్ని చదవకుండా ఆమోదించే ఏర్పాటు అది. యంత్రాన్ని నిందించడం నా ఉద్దేశం కాదు. వెదికే ఆదేశం లేకపోతే నా ప్రాసల పట్టిక పూర్తికావడానికి మరో ఏడాది పట్టేది. వెదకడానికి దానిని వాడుకుని, మార్చే ముందు ప్రతి చోటా ఆగి పద్యం చదవడం ఆలస్యమైన పనే. ఆ ఆలస్యాన్ని భరించలేని చోట, ఏ అక్షరాన్ని చూడకుండా మార్చామో పీఠికలో ఒక వాక్యం రాయడం కనీస ధర్మమని నాకు తోస్తుంది. అలాంటి వాక్యం ఉన్న డిజిటల్ ప్రతి నాకు ఇంతవరకు అరుదుగానే ఎదురైంది.

నా ఫైలును తిరిగి సరిచేసుకోవడానికి గ్రంథాలయంలోని ముద్రణను మళ్లీ ముందు పెట్టుకున్నాను. ఈసారి ఒక్కొక్క రేఫ దగ్గరా ఆగాను. మొదటిసారి టైపు చేసినప్పుడు నేను సాధురేఫగా చదివినవి కొన్ని అచ్చులో శకటరేఫలేనని అప్పుడు తెలిసింది. నా మొదటి పట్టిక కూడా తప్పే అన్నమాట. కొన్ని చోట్ల అక్షరం అరిగిపోయి రెండింటిలో ఏదో తేలలేదు. అక్కడ ఏ రేఫనూ వేయలేదు. చదరపు కుండలీకరణాల మధ్య ఖాళీ వదిలి, పుట సంఖ్య రాసి పెట్టాను. పదసూచిక ఆ పదాలను ఏ వరుసలో పెట్టాలో తెలియక చివర గుంపుగా చూపిస్తోంది. దానిని అలాగే ఉంచాను.