బాలవాక్య శ్రవణము

భగవంతునికి మొర పెట్టుకొనుట యెల్లరకును సులభము. ఆయన చెవికి తలుపులు లేవు. ద్వారపాలకుల యనుమతి యక్కరలేదు. మనుష్యునికి మొర పెట్టుకొనుట మాత్రము కష్టము. ఆ మొర పెట్టువాడు పసివాడైనచో మరింత కష్టము. వానికి మాటలు చాలవు. తనకు జరిగినదానికి పేరేమో వానికి తెలియదు. ఎవరివలన బాధ కలిగినదో వారే తనకు అన్నము పెట్టువారో, చదువు చెప్పువారో, ఊరిలో పెద్దమనుష్యులో కావచ్చును. ఇట్టి బిడ్డ తన మాట నిర్భయముగా చెప్పుకొనుటకు లోకమున నొక చోటు ఉండవలెను గదా! ఆ చోటును కల్పించుట యెవరి ధర్మము? ఈ ప్రశ్నను కొంచెము విచారింతము.

ప్రహ్లాద చరిత్రము మనకు భక్తికి దృష్టాంతము. ఆగిరిపల్లి శోభనాచలమున నృసింహస్వామిని సేవించు మన ప్రాంతమువారికి ఆ కథ క్రొత్తగా చెప్పనక్కరలేదు. అయినను దానిని మరియొక వైపునుండి చూడుడు. అయిదారేండ్ల బాలుడు కన్నతండ్రి చేతనే హింసింపబడుచున్నాడు. విషము పెట్టించిరి, ఏనుగులచే త్రొక్కింప జూచిరి, కొండమీదినుండి త్రోయించిరి. చండామార్కులు గురువులు, వారు రాజునకు వెరచిరి. భటులు ఆజ్ఞకు కట్టుబడిరి. తల్లి నిస్సహాయురాలు. వానిని ప్రశ్నించిన వారందరును దోషమును వానియందే వెదకిరి. స్వామి స్తంభమునుండి వెడలవలసి వచ్చెననగా, అంత సభలో నొక్క పెద్దయైనను ముందుకు రాలేదనియే కదా తాత్పర్యము! ఆ బాలుడు తల్లి కడుపులో నున్నపుడు ఆమెకు ఆశ్రయమిచ్చినది నారదాశ్రమము. లోకమున అటువంటి యాశ్రమములున్నచో, ప్రతి బిడ్డకొరకును స్తంభము పగులవలసిన యవసరముండదు.

ఆ నారదుడే ధ్రువోపాఖ్యానమున మరియొక పాఠము చెప్పుచున్నాడు. సవతితల్లి మాటలచే గాయపడి అడవికి బయలుదేరిన అయిదేండ్ల బాలునితో మొదట ఆయన యేమనెను? ఆటలాడుకొను వయసున మానావమానము లేమిటి, ఇంటికి మరలుమనెను. మనమందరమును పిల్లలతో అనునది అదియే. కాని బాలుడు తన హృదయము ఎట్లు చీల్చబడినదో చెప్పగా, మహర్షి యడ్డుపడక విన్నాడు; విని తన మాటను మార్చుకొన్నాడు. త్రిలోకసంచారియైన దేవర్షి అయిదేండ్లవాని మాట విని తన యుపదేశమును మార్చుకొనుట చిన్న విషయము కాదు. వినుట యనగా చెవి యొగ్గుట మాత్రమే కాదు. విన్నదానివలన మనము మారుటకు సిద్ధపడుట.

ఇచట శాస్త్రజ్ఞులొక యాక్షేపణ చేయుదురు. ధర్మశాస్త్రము బాలుని సాక్షిగా అంగీకరింపలేదు గదా యందురు. నిజమే. యాజ్ఞవల్క్యుడు సాక్ష్యమునకు తగనివారిలో బాలుని కూడ చేర్చెను. కాని ఆ ప్రకరణమును అంతటితో ఆపి చదువుట న్యాయము కాదు. కొలది శ్లోకముల తరువాత ఆ స్మృతికర్తయే సంగ్రహణము, చౌర్యము, పారుష్యము, సాహసము అను నాలుగింటియందును ఎల్లవారును సాక్షులేయని విధించెను. సంగ్రహణమనగా పరస్త్రీ విషయమున చేయు దురాచారము. సాహసమనగా బలాత్కారముతో చేయు దుష్కార్యము. మనువు కూడ వేరు సాక్షి లభింపనిచోట బాలుని మాటను గ్రహింపవచ్చుననెను. దీనికి హేతువు స్పష్టము. అప్పు పత్రమునకు పెద్దలను పిలిచి సాక్షులుగా కూర్చుండబెట్టవచ్చును. చీకటిలో జరుగు పాపమునకు సాక్షులను పిలుచువాడెవడు? అచట నున్నది పాపి, ఆ బిడ్డ, పరమాత్మ మాత్రమే.

నేటి ధర్మాసనములును ఈ మార్గముననే నడచుచున్నవి. ప్రశ్నను గ్రహించి సమాధానము చెప్పగల బిడ్డ యెవరైనను సాక్ష్యమునకు అర్హులని 1872 నాటి సాక్ష్య చట్టము చెప్పినది. 2024 జూలై 1 నుండి అమలునకు వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమమును ఆ నియమమునే నిలిపినది. లైంగిక నేరములనుండి బాలలను రక్షించుటకై చేయబడిన పోక్సో చట్టము 2012 నవంబరు 14 నుండి అమలులో నున్నది. దానిలోని నియమములను చదివినచో, చట్టము వ్రాసినవారు పిల్లవాని యెత్తునకు వంగి కూర్చుండి చూచిరా యనిపించును. బిడ్డ మాటను వాని యింటనో, వాడు కోరిన చోటనో వ్రాసికొనవలెను. వ్రాయు పోలీసు అధికారి యూనిఫారములో నుండరాదు. సాధ్యమైనంతవరకు స్త్రీ కావలెను. బిడ్డ నమ్మిన వారు ప్రక్కన నుండవలెను. రాత్రివేళ పోలీసు స్టేషనులో నుంచరాదు. నిందితుని కంటబడనీయరాదు. న్యాయస్థానమున మాటిమాటికిని పిలువరాదు, గద్దించి ప్రశ్నింపరాదు, నడుమ నడుమ విశ్రాంతి నీయవలెను. పేరు బయటికి పొక్కరాదు.

ఇంత చెప్పినను, ఇది యెక్కడనో పట్టణములలోని విషయమని మనవారు తలంపవచ్చును. అది పొరపాటు. మన మైలవరము మండలములోని వెల్వడము పేరు ఒకప్పుడు అమెరికా పత్రికలలో నిండియుండెను. అచట జన్మించి, కాలిఫోర్నియాలోని బర్క్‌లీ నగరమున గొప్ప ఆస్తిపరుడైన లకిరెడ్డి బాలిరెడ్డి యింటి భవనములలో నొకదానియందు 1999 నవంబరు 24న విషవాయువు సోకి, మన ప్రాంతమునుండి కొనిపోబడిన 17 ఏండ్ల బాలిక మరణించెను. ఆమె సోదరి ప్రాణములతో బయటపడినది. దారిన పోవుచున్న ఒక స్త్రీ, ఏడ్చుచున్న మరియొక బాలికను కొందరు వాహన మెక్కింప యత్నించుట చూచి, నాకేలయని పోక, ఆగి, పోలీసులు వచ్చునట్లు చేసినది. ఇందు వెట్టిచాకిరి యుండవచ్చునని ఆ యూరి ఉన్నత పాఠశాల విద్యార్థులు తమ బడి పత్రికలో ఆ డిసెంబరుననే ప్రకటించిరి. విచారణలో, పేద కుటుంబముల బాలికలను తప్పుడు పేర్లతో దేశము దాటించి, పని చేయించుకొని, చెరచినట్లు తేలినది. ఆయన 2001లో నేరమొప్పుకొనెను. 97 నెలల కారాగారము, బాధితులకు 20 లక్షల డాలర్ల పరిహారము విధింపబడినవి. 2021లో ఆయన మరణించెను.

ఈ సంగతిని తిరిగి తలచుట యొకరిని నిందించుటకు కాదు. శిక్షను ధర్మాసనమే విధించినది. మనము ఆలోచింపవలసినది వేరు. ఆయన తన జన్మస్థలమునకును మైలవరమునకును విద్యాలయముల వంటి వానికి ధారాళముగా ధనమిచ్చిన దాత. ఆ దానమువలన మేలు పొందినవారు అబద్ధమాడలేదు. మేలు నిజముగనే కలిగినది. అచట చదువుకొన్న పిల్లలయందు దోషమేమియు లేదు. కాని దానమునకొక స్వభావము కలదు: అది పుచ్చుకొన్నవారియందు ఋణభావమును కలిగించును. ఋణము నాలుకకు ముడి వేయును. ఒక పేద బాలిక తన యూరిలో నిలిచి ‘‘ఆ దాతవలన నాకిట్లు జరిగినది’’ అని చెప్పదలచినచో, ఎవరి యరుగు మీద నిలిచి చెప్పవలెను? అరుగులన్నియు కృతజ్ఞతతో నిండియున్నపుడు ఆమె మాటకు చోటెక్కడ?

పుణ్యపాపములు వర్తకుని ఖాతాలోని జమాఖర్చులు కావు. ఒకదానినుండి మరియొకదానిని తీసివేసి మిగులు చూచుకొనుటకు శాస్త్రమంగీకరింపదు. దానఫలము దానమునకు, హింసాఫలము హింసకు వేర్వేరుగనే కలవు. కృతజ్ఞత గొప్ప ధర్మమే. అయినను అది నా ఋణము. నేను నా సొమ్ముతో తీర్చుకొనవలెను గాని, పరుల బిడ్డ కన్నీటితో తీర్చుకొనరాదు. మేలు చేసినవానికి నమస్కరింపవచ్చును. ఆ నమస్కారము చేయుచు బిడ్డ నోరు మూయుట మహాపాపము.

ఆ వృత్తాంతమున గమనింపదగిన మరియొక యంశము కలదు. ఆ బాలికలకు వచ్చినది తెలుగు. ఉన్నది ఆంగ్ల దేశము. మాట తెలియనిచోట, ఆ మాటను అనువదించువాడు ఎవరి మనిషి యనునదియే బిడ్డ భవిష్యత్తును నిర్ణయించును. నిందితుని బంధువో, ఆశ్రితుడో అనువాదకుడైనచో ఆ బిడ్డకు నోరుండియు లేనట్లే. అందుకే మన చట్టమును భాష తెలియని బిడ్డకు అర్హుడైన అనువాదకుని సాయము ఇప్పింపవలెనన్నది. మన ఊళ్లలోనైనను ఇది వర్తించును. తెలుగు వచ్చిన బిడ్డకు కూడ భయమునుండి భాషకు అనువాదము చేయువారు కావలెను. ‘‘కడుపు నొప్పి, బడికి పోను’’ అని రోజును ఏడ్చు బిడ్డ నిజముగా చెప్పునది మరియొకటి కావచ్చును. దానిని గ్రహించు తల్లి, టీచరు, అంగన్‌వాడీ కార్యకర్త ఆ అనువాదకులు.

2007లో కేంద్ర ప్రభుత్వ స్త్రీ, శిశు అభివృద్ధి శాఖ ప్రకటించిన అధ్యయనమున, ఆంధ్రప్రదేశముతో సహా 13 రాష్ట్రములలో 12,447 మంది పిల్లలను ప్రశ్నించిరి. ఏదో యొక రూపమున లైంగిక దురాచారమునకు గురియైనామని చెప్పినవారు నూటికి 53 మందికి పైబడిరి. దురాచారము చేసినవారిలో సగము మంది ఆ బిడ్డ యెరిగినవారు, నమ్మినవారు. పిల్లలలో పెక్కుమంది ఆ సంగతి నెవరికిని చెప్పలేదు. చెప్పకపోవుటకు కారణము మనమే. ‘‘మాతృదేవో భవ, పితృదేవో భవ’’ యని నేర్పుచున్నాము, నేర్పవలసినదే. కాని పెద్దవారు దైవసములన్న మాటకు, పెద్దవారు దైవమువలె నడచుకొనవలెనను బాధ్యత జోడింపబడియున్నది. ఆ సగమును మరచి, బిడ్డకు విధేయత మాత్రమే నేర్పినచో దుష్టుని చేతికి ఆయుధమిచ్చినట్లగును. ఇక పరువు మాట. పాపము చేసినవాని పరువు పోవలెను గాని, పడినవారి పరువు పోవుట యెట్లు? దొంగ పడిన యింటివారు సిగ్గుపడుదురా?

‘‘పిల్లల మాట నమ్మి నిర్దోషిని బాధింపమా?’’ యని కొందరు శంకింతురు. ఈ శంక అన్యాయమైనది కాదు. దీనికి సమాధానము: వినుట వేరు, తీర్పు చెప్పుట వేరు. వైద్యుడు రోగి చెప్పునదంతయు వినును. పిదప పరీక్షించి నిర్ణయించును. వినకయే త్రోసివేయువాడు వైద్యుడు కాడు. నిర్దోషిని కాపాడునది కూడ చక్కగా వినుటయే. బిడ్డ నోట మనము మాటలు పెట్టక, నలుగురిలో నిలబెట్టి నాలుగుమారులడుగక, శిక్షణ గలవారిచే ప్రశాంతమైన చోట నొకమారు సరిగా వినిపించినచో, సత్యము సత్యముగనే నిలుచును. దురుద్దేశముతో అబద్ధపు ఫిర్యాదు చేయు పెద్దలకు పోక్సో చట్టమున శిక్ష కలదు. బిడ్డకు మాత్రము లేదు.

ఇట్టి చోటులు లోకమున నిర్మింపబడుచున్నవి. అమెరికాలోని హంట్స్‌విల్‌లో 1985లో వైద్యుడు, పోలీసు, న్యాయవాది బిడ్డ యొద్దకే వచ్చు కేంద్రము వెలసెను. అంతకుముందు బిడ్డ వారందరి యొద్దకును తిరిగి, ప్రతిచోటను గాయమును మరల విప్పి చూపవలసి వచ్చెడిది. ఐస్‌లాండు దేశమున 1998లో ‘‘బిడ్డల యిల్లు’’ అను పేర నట్టిదే యేర్పడినది. మన హైదరాబాదులో పోలీసు శాఖవారు 2016లో ‘‘భరోసా’’ కేంద్రమును నెలకొల్పిరి. 2018లో అచటనే బాలలకు అనుకూలమైన న్యాయస్థానము ప్రారంభమైనది. బలహీనులైన సాక్షులకొరకు ప్రతి జిల్లాలోను ప్రత్యేక కేంద్రములుండవలెనని సుప్రీంకోర్టు 2022 జనవరిలో ఆదేశించినది.

కాని బిడ్డ మొదటి మాట కోర్టులో చెప్పదు; ఇంటికి దగ్గరలో చెప్పును. మన మామిడి తోటల సంగతి చూడుడు. వేసవిలో కాపు దిగునప్పుడు కూలి కుటుంబములు, కాపలా కుటుంబములు తోటలలోనే పాకలు వేసికొని నివసించును. బడులకు సెలవులు. తల్లిదండ్రులు కాయ కోతలో, గ్రేడింగులో, లారీల యొద్ద నుందురు. బిడ్డ యొంటరి. ఆ రెండు నెలలును ఆలయ మంటపమున సాయంవేళ పిల్లలకు కథలు, పాటలు, కొంచెము ప్రసాదము ఏర్పాటు చేసినచో అదియే మొదటి యాశ్రమమగును. ఇద్దరు ముగ్గురు ఓర్పుగల స్త్రీలు అచట నుండవలెను. బిడ్డ యేదైన చెప్పినచో ఆశ్చర్యము, కోపము చూపరాదు. ‘‘నీ తప్పు లేదు, చెప్పి మంచి పని చేసితివి’’ అనవలెను. ‘‘ఎవరికిని చెప్పను’’ అని మాట యీయరాదు. ఏలయన చెప్పవలసిన ధర్మము వారిపై కలదు. పోక్సో నేరము జరిగినట్లు తెలిసినవారు పోలీసులకు తెలుపుట చట్టము విధించిన కర్తవ్యము. తెలుపకున్న ఆరు నెలలవరకు కారాగారము. 1098 అను సంఖ్యకు ఫోను చేయవచ్చును. ఊరి పెద్దలు కూర్చుండి రాజీ కుదుర్చుట, నిందితుని యెదుట బిడ్డను నిలబెట్టి అడుగుట బొత్తిగా కూడదు.

మరియొక మాట నిర్మొహమాటముగా చెప్పవలెను. ఆలయమైనను, పాఠశాలయైనను ఈ నియమమునకు అతీతములు కావు. నాటి పాఠశాలలలో గురువుమాటకు ఎదురులేదు. ఆ క్రమశిక్షణ వలన శాస్త్రము నిలిచినది. కాని శాస్త్రమును నిలుపుటకు మూసిన తలుపు అక్కరలేదు. పాఠము చెప్పు గది తలుపు తెరచియుండవలెను. అర్చకుడైనను, ఉపాధ్యాయుడైనను, ధర్మకర్తయైనను, దాతయైనను పరుల బిడ్డతో చాటున ఒంటరిగా నుండరాదని నియమము పెట్టవలెను. సజ్జనునికి దీనివలన అవమానము లేదు. అది వానికి కూడ రక్షయే. పవిత్రమైన చోటు గనుక ఇచట పాపము జరుగదనుకొనుట భక్తి కాదు, ఏమరుపాటు.

గర్భగుడిలో స్వామి మన మొరను వినుచున్నాడని నమ్ముచున్నాము. ఆ నమ్మకముతో గుడికి వచ్చిన బిడ్డ, గుడి మెట్లమీద మనలను కూడ చూచును. అచట కూర్చున్న పెద్దలలో తన మాట వినువారు ఒక్కరున్నను, ఆ బిడ్డ దైవమును నమ్ముట సులభమగును. ఆ ఒక్కరిని సిద్ధము చేయుట ప్రతి యాలయమునకును విధియని నా మనవి.