యథార్థమైన వాన కొలత

ధ్యాన భాగములు: లూకా 12:54–56, 1 రాజులు 18:41–45



మన ప్రభువు ఒకనాడు జనసమూహముతో మాటలాడుచు, వారికి బాగుగా తెలిసిన వాన గురుతులను జ్ఞాపకము చేసెను. పాలస్తీనాకు పడమట సముద్రము, దక్షిణమున ఎడారి. పడమటి మబ్బు వానను తెచ్చుననియు, దక్షిణపు గాలి వేడిమిని తెచ్చుననియు అచ్చటి రైతు లెరుగుదురు. ఆకాశమును చూచినందుకు ప్రభువు వారిని గద్దింపలేదు. అంత బాగుగా చూడగలవారై యుండియు, తమ యెదుటనున్న దేవుని కాలమును గుర్తింపనందుకే గద్దించెను. గనుక వాతావరణమును గమనించుట విశ్వాసమునకు విరోధము కాదు. అయితే గమనించువాడు యథార్థవంతుడై యుండవలెను.

మన సంఘములలో అనేకులు వాన నమ్ముకొని బ్రదుకువారు. మన పెద్దలు “ఒక పదును వాన” అని నేల తడిని బట్టి వానను కొలిచిరి. ఇప్పుడు పట్టణములలో ఉద్యోగము చేయు పిల్లలు ఇంటికి వచ్చునప్పుడు చిన్న వాతావరణ యంత్రములను తెచ్చుచున్నారు. ఏది కొనవలెను, ఎట్లు వాడవలెనని కొందరు మమ్మును అడిగిరి. మా తప్పిదమును మొదట ఒప్పుకొని, తరువాత జవాబు చెప్పెదము.

ఒక సంవత్సరము మృగశిర కార్తెకు ముందు మా యింటికి అట్టి యంత్రము వచ్చినది. దాని వాన గిన్నెను వసారా చూరు ప్రక్కన, పిట్టగోడ మీద పెట్టితిమి. అక్కడనైతే పిల్లలు తాకరు, కోళ్లు పడద్రోయవు అనుకొంటిమి. ఒక రాత్రి వాన కురిసెను. తెల్లవారి చూడగా ఇంటిలోని పలక మీద 58 మిల్లీమీటర్లని కనబడెను. అంతలో మన సంఘములోని ఒక విధవరాలు వచ్చి, “అయ్యగారూ, వేరుసెనగ వేయవచ్చునా?” అని అడిగినది. మేము ఆమె చేను చూడలేదు, మన్ను తవ్వలేదు. అంకెను మాత్రము చూచి, “వేయుమమ్మా, మంచి వాన పడినది” అంటిమి. అప్పు చేసి తెచ్చిన విత్తనమును ఆమె ఎకరమున్నర నేలలో వేసినది. తరువాత రెండు వారములు చినుకు లేదు. పైతడి ఆరిపోయెను. వచ్చిన మొలక వచ్చినట్లే మాడిపోయెను.

మరల వాన వచ్చినప్పుడు మేము వసారాలో నిలిచి చూడగా, పెంకుల మీది నీరు చింది ఆ గిన్నెలో పడుచుండెను. నడి పెరటిలో నిటారు అంచులుగల ఒక డబ్బా పెట్టి కొలిచితిమి. డబ్బాలో 21 మిల్లీమీటర్లు, యంత్రములో 43. యంత్రము తనలో పడిన నీటినే లెక్కించినది. దానిని తప్పు చోట నిలిపినవారము మేమే. ఆ ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత సంఘము ఎదుట ఆ సంగతి ఒప్పుకొని, విత్తనపు ఖర్చులో సగము మేము భరించితిమి. ఆ తల్లి మమ్మును నిందింపలేదు. “వాన ఇచ్చేది మీరు కాదు గదా, అయ్యగారూ! ఈసారి మాత్రం నా చేను చూచి చెప్పండి” అన్నది. ఆ మాట మాకు ఒక ప్రసంగమంత పాఠమైనది.

ఇక మీరు అడిగిన దానికి వచ్చెదము.

మొదటిది, ఎన్నుకొనుట. చేతిలో కొద్ది డబ్బే యున్నయెడల వర్షమాపకము ఒక్కటి చాలును. మెట్ట రైతుకు అన్నిటికంటె అదే ముఖ్యము. దాని నోరు వెడల్పుగాను, లోపలి భాగము లోతుగాను ఉండవలెను. లేనియెడల చినుకులు ఎగిరి బయట పడును. దానితో వచ్చిన కొలత గాజును దానికే వాడవలెను. ఒక మాపకపు గాజు వేరొక దానికి సరిపడదు. అదియు కొనలేనివారు అడుగునుండి అంచు వరకు ఒకే వెడల్పుగల డబ్బాను పెట్టి, నీటి లోతును స్కేలుతో కొలువవచ్చును. ఒక మిల్లీమీటరు వాన అనగా చదరపు మీటరు నేల మీద ఒక లీటరు నీరు. ఎకరమునకు 4,000 లీటర్లకు పైమాటే. విద్యుత్ యంత్రములలో చిన్న తొట్టి నిండినప్పుడెల్ల ఒరిగి నీటిని లెక్కించును. దానిని సమమట్టముగా నిలుపవలెను. చీమలు, సాలెగూళ్లు, వేపాకులు దాని దారిని మూయును గనుక తరచుగా శుభ్రము చేయవలెను.

రెండవది, నిలుపుట. వర్షమాపకమునకు ఆకాశము తేటగా కనబడవలెను. ప్రక్కన ఇల్లు గాని చెట్టు గాని ఉన్నయెడల, దాని ఎత్తునకు రెండింతల దూరమైనను తొలగి యుండవలెను. మన దేశములో మాపకపు అంచును నేలకు 30 సెంటీమీటర్ల ఎత్తున ఉంచుట వాడుక. థర్మామీటరునకు ఎండ తగులరాదు, గాలి తగులవలెను. అందుచేత తెల్లరంగు వేసిన, రెక్కల సందులుగల పెట్టెలో, నేలనుండి సుమారు నాలుగడుగుల ఎత్తున ఉంచుదురు. గోడకు తగిలించిన థర్మామీటరు గోడ వేడిని చెప్పునే గాని గాలి వేడిని చెప్పదు.

మూడవది, చదివి వ్రాయుట. వాతావరణ శాఖవారు ఉదయము 8:30 గంటలకు వాన కొలుతురు. మనమును ఆ వేళకే చూచుట మంచిది. వాన లేని దినమున సున్న వ్రాయవలెను. చూడని దినమున గీత పెట్టవలెను. సున్నయు గీతయు ఒక్కటి కాదు. మేము మరచిన దినములకు తోచిన అంకెలు వేసిన రోజులును ఉన్నవి. అది కూడ అబద్ధ సాక్ష్యమే.

ఇచ్చట కర్మెలు కొండమీది సేవకుని తలంచుడి. ఏలీయా ప్రార్థించుచుండగా అతడు పోయి సముద్రము వైపు చూచి, ఏమియు లేదని చెప్పెను. మరల మరల పంపినను, కనబడని మబ్బును కనబడినదని చెప్పలేదు. దైవజనుని సంతోషపెట్టుటకైనను అబద్ధమాడలేదు. లేనప్పుడు లేదని చెప్పినవాడు గనుకనే, ఏడవమారు అతడు చూచిన అరచేయి అంత మబ్బును ఏలీయా నమ్మి, రథము సిద్ధము చేసికొమ్మని అహాబునకు కబురు పంపెను. సున్న వ్రాయ నేర్చినవాని అంకెనే పొరుగువాడు నమ్మును.

ఒక హెచ్చరిక. ఇంటి యంత్రము తానున్న పెరటినిగూర్చియే సాక్ష్యమిచ్చును. ఊరి ఈ చివర కురిసిన వాన ఆ చివర కురియకపోవచ్చును. గనుక విత్తుటకు ముందు చేనులోనే తవ్వి, తడి జానెడు లోతు దిగినదో లేదో చూడుడి. తుపాను సంగతి మరింత పెద్దది. 1864లో మచిలీపట్నమును, 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచినప్పుడు వేలాది ప్రాణములు పోయెను. నేడు ఉపగ్రహములు, రాడారులు సముద్రము మీది తుపానును దూరమునుండియే కనిపెట్టుచున్నవి. ఇల్లు విడువుడని అధికారులు చెప్పినప్పుడు, మా యంత్రములో ఇంకను గాలి లేదని కూర్చుండవద్దు. పిల్లలను, ముసలివారిని తీసికొని వెంటనే బయలుదేరుడి.

ప్రియులారా, సంచిలో పెద్దదొకటి చిన్నదొకటి రెండు తూనికలు ఉంచుకొనరాదని ద్వితీయోపదేశకాండము 25వ అధ్యాయము మనకు బోధించుచున్నది. వాన కొలతకును ఆ ఆజ్ఞ చెల్లును. కూలి కొలుచునప్పుడు, ధాన్యము కొలుచునప్పుడు, పొరుగువాని తప్పును మన తప్పును కొలుచునప్పుడు మన కొలత ఎక్కడ నిలిచియున్నది? మన యింటి చూరు నీరు దానిలో చిందుచున్నదా? ఈ వారము ఇంటి పెరటిలోని డబ్బాను చూచునప్పుడెల్ల ఈ ప్రశ్నను మనలో మనము అడుగుకొందము.

ప్రార్థన: వానను కురిపించు తండ్రీ, నీవు ఇచ్చినదానిని ఉన్నది ఉన్నట్లు చెప్పు నోటిని, లేనప్పుడు లేదని వ్రాయు చేతిని మాకు దయచేయుము. మా మాటను నమ్మి విత్తువారిని మేము నష్టపరచకుండ కాపాడుము. యేసు నామమున వేడుచున్నాము. ఆమేన్.