శుద్ధి ఎవరి కోసం? తెరచాప పడవలో మంచినీళ్ల ట్యాంకు

సముద్రం మీద నెలల తరబడి తిరిగే తెరచాప పడవలో మంచినీళ్ల ట్యాంకు సాధారణంగా నేల పలకల కిందో, పడక బల్లల కిందో ఉంటుంది. రేవులో పట్టిన నీళ్లు, వాన పడితే తెరచాప మీంచి జారవిడిచి పట్టిన నీళ్లు, ఉప్పునీటిని మంచినీరుగా మార్చే యంత్రం ఇచ్చిన నీళ్లు అన్నీ అందులోకే చేరతాయి. చీకటిలో, వెచ్చగా, కదలిక లేకుండా నిలవ ఉన్న నీటివల్ల ట్యాంకు గోడలకు జారుడు పొర పడుతుంది. సూక్ష్మజీవులు ఆ పొరను పట్టుకుని పెరుగుతాయి. నీరు మాత్రం చాలాకాలం తేటగానే ఉంటుంది. గ్లాసులో పట్టి చూస్తే వంక పెట్టడానికేమీ కనపడదు. అలాంటి నీటిని శుద్ధమైనదని ఎవరు, ఏ ఆధారంతో చెప్పాలి?

మనుస్మృతి ఐదో అధ్యాయం దీనికి ఇంద్రియాలనే సాక్ష్యంగా పెట్టింది. నేల మీద నిలిచి, ఆవు దాహం తీరేటంత ఉండి, మలినం కలవక, రంగూ రుచీ వాసనా చెడని నీరు శుద్ధమని దాని నిర్ణయం. ప్రయోగశాలలు లేని కాలానికి అది తెలివైన కొలతే. కంపు కొట్టే నీటిని వదిలేయమనడం ఎందరినో కాపాడి ఉంటుంది. అయితే 1854లో లండన్‌లో కలరా చెలరేగినప్పుడు ఆ కొలత చాలదని తేలిపోయింది. బ్రాడ్ స్ట్రీట్ పంపు నీటి రుచి నచ్చి, హ్యాంప్‌స్టెడ్‌కు మకాం మార్చాక కూడా బండి మీద తెప్పించుకుని తాగిన ఒక వితంతువు ఆ నీటితోనే చనిపోయింది. నీటి ద్వారానే కలరా వస్తుందన్న తన వాదానికి డాక్టర్ జాన్ స్నో ఆమె మరణాన్ని గట్టి రుజువుగా చూపాడు. రుచి బాగుందని ఆమె నాలుక చెప్పింది నిజమే. ప్రమాదం లేదని మాత్రం నాలుక చెప్పలేదు. ఆ మాట మనసు కలుపుకున్నది. న్యాయదర్శనాన్ని అనుసరించే నైయాయికుల లెక్కలో ఇక్కడ తప్పింది ప్రత్యక్షం (ఇంద్రియాలకు తెలిసినది) కాదు, దాని మీద తొందరపడి కట్టిన అనుమానం (ఊహించి తేల్చినది).

పాత గ్రంథాలు ఇంద్రియాల దగ్గరే ఆగిపోయాయనడం కూడా సరికాదు. జంతువు చచ్చి పడిన బావిని ఎలా బాగుచేయాలో విష్ణుస్మృతి వరుసగా చెబుతుంది. ముందు నీరంతా తోడేయాలి, మిగిలినదాన్ని గుడ్డతో తుడవాలి, ఇటుకలతో కట్టిన బావి అయితే లోపల మంట వేయాలి, కొత్త నీరు ఊరాక పంచగవ్యం వేయాలి. మొదటి మూడూ పడవవాళ్లు నేడు చేసే పనికి చాలా దగ్గరివి. మంట స్థానంలో క్లోరిన్ వచ్చింది, అంతే. నాలుగో మెట్టు దగ్గర దారులు విడిపోతాయి. పేడ కలిసిన ద్రవ్యం తాగునీటిలోకి కొత్త క్రిములను తెస్తుంది. ఆ విధి ఆచారానికి సంబంధించినది, ఆరోగ్యానికి కాదు.

పడవలో ఈ పనికి ఒక క్రమం ఉంది. ట్యాంకు ఖాళీ చేసి, మూత తీసి, చేయి అందినంత మేర గోడలు బ్రష్‌తో రుద్ది, అడుగున పేరిన మడ్డిని ఎత్తేయాలి. ఇది మాని నేరుగా మందు పోస్తే దండగ. ఎదురైన ప్రతి మురికితోనూ కలిసి క్లోరిన్ ఖర్చయిపోతుంది, పొర అడుగున ఉన్న క్రిముల దాకా చేరదు. రుద్ది కడిగాక నీళ్లు నింపి, సువాసనలు కలపని 5 శాతం బ్లీచ్ ద్రావణాన్ని 100 లీటర్లకు 100 మిల్లీలీటర్ల చొప్పున పోస్తే లీటరుకు సుమారు 50 మిల్లీగ్రాముల క్లోరిన్ ఉంటుంది. గొట్టాల్లోనూ పొర ఉంటుంది కాబట్టి ప్రతి కుళాయినీ క్లోరిన్ వాసన వచ్చేదాకా తెరిచి కట్టేయాలి. కొన్ని గంటలు ఉంచి, ఆ నీరంతా పారబోసి, వాసన పోయేదాకా మళ్లీ మళ్లీ కడగాలి. బొగ్గు ఫిల్టర్‌ను ముందే తీసేయాలి. ఉప్పునీటి యంత్రంలోని వడపోత పొరకు క్లోరిన్ తగిలితే అది పాడవుతుంది. అల్యూమినియం ట్యాంకును ఈ మోతాదు తినేసే ప్రమాదం ఉంది. బ్లీచ్‌లో వెనిగర్ గానీ మరే ఆమ్లం గానీ ఎన్నడూ కలపకూడదు. గాలి ఆడని పడవ గదిలో అప్పుడు పుట్టే విషవాయువు ప్రాణం తీయగలదు.

ఆచారశుద్ధి, ఆరోగ్యశుద్ధి వేరువేరని చూపే ప్రసిద్ధమైన హదీసు ఒకటి సరిగ్గా పడవ నీటి గురించే. సముద్రయానంలో వెంట కొద్ది నీరే ఉంటుందనీ, దానితో వజూ (ప్రార్థనకు ముందు చేసే శుద్ధి) చేస్తే దాహానికి మిగలదనీ, సముద్రపు నీటితో వజూ చేయవచ్చా అనీ ఒకరు ముహమ్మద్ ప్రవక్తను అడిగారు. సముద్రపు నీరు శుద్ధిచేసేదేనని ఆయన జవాబు. తాగడానికి పనికిరాని నీరు ప్రార్థనకు నిక్షేపంలా పనికొచ్చింది, మంచినీరు దాహానికి మిగిలింది. రెండు అవసరాలను విడదీయడంలోనే ఆ జవాబు దయ ఉంది.

ఆ రెండు శుద్ధులనూ కలిపేస్తే ఏమవుతుందో నేటి మహారాష్ట్రలోని మహద్‌లో కనిపించింది. అక్కడి చవదార్ చెరువు 1927 మార్చి 20న అంబేద్కర్ నాయకత్వంలో దళితులు నీళ్లు తాగిన చోటు. ఆ తర్వాత సవర్ణులు పేడ, గోమూత్రం, పాలు, పెరుగు కలిపిన కుండలను అందులో ముంచి, మంత్రాలు చదివి శుద్ధి జరిపించారు. నీటికి వాళ్లు చూసిన మైల మనుషుల స్పర్శ ఒక్కటే. పశువులు తాగే చెరువు మనుషులు తాగితే మైలపడుతుందన్న లెక్కను ఏ ఆరోగ్యశాస్త్రమూ సమర్థించదు. పడవ ట్యాంకు కడిగే చేయి ఎవరిదన్న ప్రశ్నకు తావు లేదు. సబ్బుతో కడుక్కున్నదా అన్నదే అడగాలి.

ఇక మిగిలింది నమ్మకం. కడిగేది ఒకరు, తాగేది అందరూ. తాగేవారికి కన్ను సాయపడదు కాబట్టి పరీక్ష కావాలి. తాగునీటిని క్లోరిన్‌తో శుద్ధి చేస్తే లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలని భారతీయ ప్రమాణం చెబుతుంది. పరీక్ష పట్టీతో దాన్ని నిమిషాల్లో చూడవచ్చు. ఆ ఫలితం, మందు మోతాదు, తేదీ పడవ లాగ్‌బుక్‌లో రాసిపెట్టడం నైయాయికులు చెప్పే శబ్దప్రమాణాన్ని (నమ్మదగినవారి మాటను) నిలబెట్టడమే. తెలుగు పల్లెల్లో ఓవర్‌హెడ్ ట్యాంకుల మీద కడిగిన తేదీ రాసేదీ ఇందుకే. కడగకుండా తేదీ మాత్రం మార్చేవారు దాన్ని రాయకపోవడమే మేలు. తేదీ కనపడకపోతే జనం కనీసం నీళ్లు కాచుకుని తాగుతారు.