సెలవు చీటిలో సత్యము

అసత్యమనగానే న్యాయస్థానమున పలుకు కూటసాక్ష్యమో, వ్యాపారమున చూపు దొంగలెక్కయో పెద్దలకు స్ఫురించును. ఇంటి అరుగుమీద కూర్చుండి తండ్రి చెప్పుచుండగా కుమారుడు వ్రాయు నాలుగు పంక్తుల సెలవు చీటి ఎవరికిని స్ఫురింపదు. కాని బిడ్డ తన యింట నేర్చుకొను మొదటి అసత్యము పెక్కుసారులు ఆ చీటిలోనే యుండును.

ఉదాహరణమునకు ఒక కుటుంబమును తలంచుకొందము. తండ్రికి కిరాణా దుకాణము. కుమారుడు ఏడవ తరగతి చదువుచున్నాడు. మహాశివరాత్రికి శ్రీశైలము పోవలెనని నాయనమ్మ ఏండ్ల తరబడి కోరుచున్నది. పండుగకు బడికి ఒక్క దినమే సెలవు. రాకపోకలకు, దర్శనమునకు కలిపి మరి నాలుగు దినములు కావలెను. “నాన్నా, మాస్టారికి ఏమని వ్రాయను?” అని పిల్లవాడడిగెను. “జ్వరమని వ్రాయరా. జాతరకంటే ఒప్పుకోరు” అని తండ్రి బదులిచ్చెను. చీటి వ్రాయబడినది. బస్సు కదలినది. నాయనమ్మ కన్నులు చెమర్చినవి. ఇందు దోషమెక్కడ నున్నది?

తండ్రి పక్షమును తేలికగా త్రోసివేయరాదు. దుకాణము మూసి ఇంటిల్లిపాది కలిసి కదలు అవకాశము ఆయనకు ఏండ్లకొకమారు గాని రాదు. వృద్ధురాలి కాళ్లలో సత్తువ వేసవి సెలవుల దాక నిలుచునని పూచీ లేదు. నల్లమల అడవిని, పాతాళగంగలో దిగి కృష్ణవేణిని, ఆలయ ప్రాకారముమీది శిల్పములను, అక్కమహాదేవి తపస్సు చేసినదని చెప్పబడు గుహను చూచిన బాలునకు ఏ పాఠ్యపుస్తకమును ఈయజాలని జ్ఞానము కలుగును. బసవేశ్వరుడు చదివినది క్షేత్రమైన కూడలసంగమముననే గదా యని కూడ ఆయన అడుగవచ్చును. 2009 నాటి విద్యాహక్కు చట్టము ఆరు మొదలు ఎనిమిదవ తరగతి వరకు సంవత్సరమునకు కనీసము 220 పనిదినములను విధించినది. అందు నాలుగు దినములు నూటికి రెండు పాళ్లయినను కావు. ఇంత స్వల్పమునకు ఇంత విచారమేల?

ఈ వాదమున బలమున్నది. కాని లెక్క మాత్రము సరిపోదు. చదువు బియ్యపు బస్తా కాదు, నాలుగు గింజలు తీసిన తెలియకుండుటకు. అది గొలుసు. సోమవారమున భిన్నముల భాగహారము నేర్వనివానికి శుక్రవారపు నిష్పత్తులు చీకటిగనే యుండును. వానికి మరల చెప్పుటకు ఉపాధ్యాయుడు ఆగెనా, తక్కిన నలుబదిమంది ఆగవలెను. ఆగడా, వాడొక్కడే వెనుకబడును.

లెక్కను ఆధారముగా గొన్న ఈ తర్కము పరదేశమున న్యాయస్థానముల మెట్లు కూడ ఎక్కినది. ఇంగ్లండున ఒక తండ్రి 2015లో తన కుమార్తెను విహారయాత్రకై అమెరికాకు కొనిపోవుటకు బడివారి అనుమతి కోరెను. వారు నిరాకరించినను ఏడు పాఠశాల దినములు మాన్పించి కొనిపోయెను. జరిమానా చెల్లింపననెను. బాలిక హాజరు తొంబది శాతమునకు మించియుండుటచే క్రింది న్యాయస్థానములు ఆయన పక్షము వహించినవి. కాని 2017 ఏప్రిల్ 6వ తేదీన అచ్చటి సర్వోన్నత న్యాయస్థానము, క్రమముగా హాజరగుటయనగా పాఠశాల నియమముల ననుసరించి హాజరగుటయే యని నిర్ణయించినది. అనుమతి లేని గైరుహాజరు తక్కిన పిల్లల చదువునకును విఘ్నమని కూడ పలికినది. ఆ తండ్రి ఏమియు దాచలేదు. అయినను, నిజము చెప్పినంత మాత్రమున తరగతియెడల గల బాధ్యత తీరిపోలేదు.

ఈ బాధ్యతకే శరణులు కాయకమని పేరిడిరి. పన్నెండవ శతాబ్దమున కల్యాణ నగరమున ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మ అను దంపతులుండిరి. రాలిన బియ్యపు గింజలను ఏరి తెచ్చుట మారయ్య కాయకము. ఒకమారు ఆయన శరణుల గోష్ఠిలో మునిగి పని మరచెను. కాయకము నిలిచిపోయినదని లక్కమ్మ జ్ఞాపకము చేసి ఆయనను పంపినది. గోష్ఠి చెడ్డదా? కాదు. దానికంటె మంచిది మరియొకటి యుండునా యన్నంత మంచిది. అయినను ఆ గడియలో అది ఆయన పని కాదు. కాయకమున నిమగ్నుడైనవాడు గురుదర్శనమును, లింగపూజను సైతము మరువవలెనని చెప్పినవాడు ఆ మారయ్యయే. పిల్లవానికి చదువే కాయకము. గురుదర్శనమే కాయకమునకు పిమ్మటనైనచో, జాతర ముందెట్లగును?

కూడలసంగమపు మాటకు సమాధానము సులభము. బసవేశ్వరుడు అచ్చటికి నాలుగు దినముల చూపునకు పోలేదు. ఏండ్లపాటు నిలిచి విద్య గడించెను. అంతకుమించి, పాల్కురికి సోమనాథుని బసవపురాణమున ఆ బాలుడు ఉపనయనమును తానేల ఒల్లడో తండ్రి యెదుటనే విప్పి చెప్పెను. సాకు వెదకలేదు.

ఇప్పుడు తిరిగివచ్చిన పిల్లవాని చూడవలెను. వాడు శ్రీశైలమున చూచినది సామాన్యము కాదు. శివరాత్రి నాటి రాత్రి ఆలయ దీపములార్పి, ఆ చీకటిలో, గర్భాలయ శిఖరమునుండి ముఖమండపముమీది నందుల వరకు పాగా చుట్టుదురు. ఆ పాగాను చీరాల ప్రాంతపు దేవాంగ నేతగాడు దినమునకొక మూర చొప్పున 365 దినములు నేయుట ఆచారము. పండుగ రాత్రి ఒక్కటియే లోకమునకు కనబడును. మగ్గము ముందర గడచిన దినములు కనబడవు. కాయకమనగా నేమో ఇంతకంటె స్పష్టముగా ఏ ఉపన్యాసమును పిల్లవానికి చెప్పజాలదు.

కాని వాడు ఆ మాటను ఎవరితో చెప్పగలడు? మరునాడు మాస్టారు నుదుటిమీద చేయివైచి, “జ్వరము తగ్గినదా, నాయనా?” అని దయతో అడుగును. వాడు తలయూపును. సంచిలోని లడ్డు ప్రసాదమును ప్రక్కవానికి పెట్టలేడు. పాగా సంగతి నోరువిడిచి చెప్పలేడు. నాలుగు దినముల పాఠము పోయినది సరి. యాత్ర నేర్పిన పాఠమును కూడ ఆ చీటి నోరునొక్కి చంపినది. ఏ జ్ఞానముకొరకు యాత్ర సమర్థింపబడినదో ఆ జ్ఞానమే దొంగసొత్తువలె దాచవలసి వచ్చినది. పైగా, అవసరమైనపుడు అసత్యమాడవచ్చుననియు, దానిని తండ్రియే చెప్పి వ్రాయించుననియు వాడు నేర్చుకొనెను. బసవేశ్వరుడు అంతరంగ బహిరంగ శుద్ధులకు విధించిన ఏడు నియమములలో అసత్యము పలుకరాదన్నది యొకటి. విభూతి ధరించిన నుదురు మాస్టారి చేతిక్రింద జ్వరము నటించుట ఏ శుద్ధి?

ఈ దోషము తండ్రి యొక్కనిది కాదు. జ్వరమనిన చదువక సంతకము చేసి, జాతరయనిన తరగతి యెదుట నిలబెట్టి చీవాట్లు పెట్టు ఉపాధ్యాయుడు కూడ ఆ అసత్యమున భాగస్వామియే. నిజము చెప్పినవానికి శిక్ష, కల్ల చెప్పినవానికి సెలవు దొరకు బడిలో పిల్లలు ఏమి నేర్తురో వేరుగ చెప్పనక్కరలేదు. అనుమతి నిరాకరింపవలసినపుడు నిరాకరింపవచ్చును. కాని నిజము వ్రాసినందులకు అవమానింపరాదు.

పొట్టకూటికై బిడ్డలను వెంటబెట్టుకొని వలసపోవు కూలివారి సంగతి వేరు. వారిని ఈ తక్కెటలో తూచుట న్యాయము కాదు. ఇచ్చటి విచారణ తిండికి లోటులేని కుటుంబముల వేడుకలను గూర్చియే. బిడ్డకు విద్యావకాశము కల్పించుట తల్లిదండ్రుల కర్తవ్యమని 2002 నాటి సవరణముతో రాజ్యాంగమే చెప్పుచున్నది. 220 దినములు బడికి పోగా సంవత్సరమున ఇంచుమించు 145 దినములు మిగులును. శ్రీశైలము దసరాకును, సంక్రాంతికిని, వేసవిలోను అచ్చటనే యుండును. మల్లికార్జునుడు శివరాత్రికి మాత్రమే దర్శనమిచ్చువాడు కాడు.

అయినను నాయనమ్మ ఆయుర్దాయము ఎవరి చేతిలోను లేదు. ఆమె కోరినది శివరాత్రియే, ఈ యేడే యైనచో, తండ్రి చేయవలసినది యొకటి కలదు. పిల్లవానిని వెంటబెట్టుకొని తానే బడికి పోవలెను. ఉన్నది ఉన్నట్లు చెప్పి అనుమతి కోరవలెను. రానున్న నాలుగు దినముల పాఠమేదో అడిగి తెలిసికొని, తిరిగివచ్చిన పిదప దానిని దగ్గర కూర్చుండి చేయింపవలెను. ఉపాధ్యాయుడు కాదనిన, పిల్లవానిని చిన్నాన్న యింట నుంచి, తల్లిని తాను తీసికొనిపోవలెను. నాయనమ్మ యాత్రయు ఆగదు, పిల్లవాని చదువును ఆగదు. అనుమతించెనా, వచ్చిన మరునాడు పాగా కథను తరగతి యెదుట పిల్లవానిచే చెప్పింపవలసిన భారము ఉపాధ్యాయునిది.

ఏ యాత్ర తగును, ఏది తగదు అని సందేహము కలిగిన గృహస్థునకు పెద్ద గ్రంథము లక్కరలేదు. అసలు కారణమును సెలవు చీటిలో వ్రాయుమని బిడ్డతో చెప్పి చూడవలెను. చెప్పుటకు నోరు రానిచో, ఆ ప్రయాణమును సెలవుల దాక ఆపుటయే మేలు.