ఋణము తీరినదా?

మీలో ననేకులు కుమారునో కుమార్తెనో దూరదేశమునకు సాగనంపుటకు శంషాబాదు విమానాశ్రయమునకు వెళ్లియుందురు. 2008 మార్చిలో తెరవబడిన ఆ స్థలము సుమారు 5,500 ఎకరములు. విమానములు దిగు బాటయే నాలుగు కిలోమీటర్లకు మించిన పొడవు. ఆ నేలలో చుట్టుపట్ల పల్లెల రైతుల పొలములు కలిసిపోయినవి. ప్రభుత్వము చట్టప్రకారము నేల తీసికొని పరిహార మిచ్చెను. అంతటితో ఋణము తీరినదా?

జవాబు వెదకుటకు దూరమున నున్న యొక పల్లెను చూతము. కెనడా దేశములో, నోవా స్కోషియా అను ప్రాంతమున గ్రాండ్ ప్రే అను ఊరున్నది. ఫ్రాన్సునుండి వచ్చిన అకాడియను లను రైతులు అక్కడ సముద్రపు పోటు నాపుటకు మట్టికట్టలు వేసి, ఉప్పు చవుడును పంటభూమిగా మార్చిరి. ఇంగ్లీషువారు కోరిన రాజభక్తి ప్రమాణమును షరతు లేకుండ చేయుటకు వారు ఒప్పుకొనలేదు. 1755 సెప్టెంబరు 5న ఊరి మగవారిని దేవాలయములోనికి పిలిపించి, మీ నేలయు పశువులును రాజువి, మీరు ఓడ లెక్కవలెనని ఆజ్ఞ చదివిరి. ప్రార్థన చేసికొను చోటనే ఆ మాట వినవలసి వచ్చెను. కొన్ని యేండ్లలో పదివేలకు పైగా జనులు వెళ్లగొట్టబడిరి.

నేడు అక్కడికి వెళ్లువారు 1922లో కట్టిన జ్ఞాపకార్థ దేవాలయమును చూతురు. 2003లో రాణి పేరట వెలువడిన ప్రకటన ఆ ప్రజలు పడిన శ్రమను ఒప్పుకొన్నది. నేల తిరిగి రాలేదు, సొమ్మును రాలేదు. అయినను తమకు జరిగినది జరిగెనని ఒకరు చెప్పవలెనని వారు కోరిరి. ఏటేట జూలై 28న ఆ శ్రమను స్మరించుకొందురు.

శంషాబాదు సంగతియు ఆ సంగతియు ఒకటి కావు. ఇక్కడ తుపాకి లేదు, సొమ్ము ముట్టినది. కాని అక్కడ సొమ్ము లేకపోయినను జ్ఞాపకము మిగిలెను. ఇక్కడ సొమ్ము ముట్టినను జ్ఞాపకము మిగులునా? తాతలు దున్నిన చేనికి వెల కట్టవచ్చును. ఆ చేని పేరు మరచిపోవుటకు ఎవరును వెల చెల్లించలేదు.

యొర్దాను దాటిన ప్రజలు పండ్రెండు రాళ్లు నిలిపిరి. పిల్లలు అడిగినప్పుడు పెద్దలు చెప్పవలెనని గదా! మీరు ఈసారి శంషాబాదు వెళ్లినప్పుడు, ఆ ప్రక్క ఊరి వృద్ధుడెవరైన కనబడినయెడల, అయ్యా, మీ పొలము ఏ దిక్కున నుండెడిదని అడుగుడి. ఆయన చెప్పునంతసేపు నిలిచి వినుడి. ఇంటికి వచ్చి మరియొక మాట అడుగుకొనుడి: మన ఊరి బడి, రోడ్డు, దేవాలయము ఎవరి నేలపై నున్నవి? వారి పేరు మన పిల్లలకు తెలియునా?