పిట్టకు హక్కు ఎక్కడిది?

వానాకాలం పోయి చలి తిరిగే రోజుల్లో మోర్తాడ్ పొలాల మీద గులాబీ గోరింకలు గుంపులుగా కనిపిస్తాయి. తల, రెక్కలు నలుపు. వీపు, పొట్ట లేత గులాబీ. మధ్య ఆసియా గడ్డిమైదానాల్లో పిల్లల్ని పెంచి, వేల కిలోమీటర్లు దాటి వస్తాయవి. ఫజ్ర్ నమాజు తర్వాత చెరువుకట్టపై నిలబడి వాటిని చూసేవారిని ‘పనిలేనివాళ్లు’ అని కొందరు ఎగతాళి చేస్తుంటారు. కాని గాలిలో రెక్కలు చాపి ముడిచే పక్షులను చూడమని, వాటిని అక్కడ నిలిపి ఉంచుతున్నదెవరో ఆలోచించమని దివ్యఖుర్ఆనే (67:19) మనల్ని పురికొల్పుతోంది. కాబట్టి చూడటం గురించి పేచీ లేదు.

పేచీ పొలం దగ్గర వస్తుంది. ఎర్రజొన్న గింజ పాలుపట్టేసరికి ఈ గుంపులు కంకుల మీద వాలతాయి. ముస్లిం నాటిన మొక్క నుండి, వేసిన పంట నుండి పక్షి తిన్నది కూడా అతనికి దానమేనని దైవప్రవక్త (సల్లం) శుభవార్త ఇచ్చారు. నిజమే, కాని ఈ మాట అప్పు తెచ్చి విత్తనం వేసిన రైతుకు నీడపట్టున కూర్చుని చెప్పడం సుళువు! అతడు మంచె ఎక్కి డబ్బా మోగించి పిట్టల్ని తోలుకుంటే తప్పేమీ లేదు. గింజలకు విషం పూసి చల్లడం వేరు.

‘ఇవి పురుగుల్ని కూడా తింటాయి, రైతుకు మేలే’ అని కొందరు నచ్చజెబుతారు. అదీ అబద్ధం కాదు. చైనాలోని షిన్‌జియాంగ్‌లో మిడతల్ని తింటాయని వీటి కోసం గూళ్లు కట్టి మరీ పిలుస్తారు. అక్కడ అతిథి, ఇక్కడ దొంగ; పిట్ట మాత్రం ఒకటే. మన లాభమే కొలత అయితే, ఏ లాభమూ లేని పిట్టను చంపవచ్చా? రెక్కలతో ఎగిరే పక్షులు కూడా మీలాంటి సముదాయాలేనని ఖుర్ఆన్ (6:38) అంటోంది. అక్కడ లాభం ప్రస్తావనే లేదు. ఒక ప్రయాణంలో సహచరులు ఓ పిట్ట పిల్లల్ని పట్టుకున్నారు. తల్లి రెక్కలు కొట్టుకుంటూ వచ్చింది. పిల్లల్ని దానికి తిరిగి ఇచ్చేయమని ప్రవక్త (సల్లం) ఆదేశించారు. అబూదావూద్‌లో ఉన్న సంఘటన ఇది. ఆ పిట్ట ఎవరికి ఏం మేలు చేసిందని ఆయన అడగలేదు.

పొద్దు గూకితే గోరింకలు పొలం వదిలి తుమ్మచెట్లకు చేరతాయి. అక్కడికి వల తీసుకుని వెళ్లేవాడికి పంట కాపలా అనే సాకు చెల్లదు.