పార్థసారథి అశ్వసేవ



సర్వలోకశరణ్యుడైన శ్రీమన్నారాయణుడు మన సేవలను స్వీకరించుటయే గాక, అవతారములలో తానే పరులకు సేవ చేసియున్నాడు. రాజసూయమున విప్రుల పాదములు కడిగెను. ద్వారకలో కుచేలుని పాదములు కడిగెను. ఈ కథలు మన ఇండ్లలో పిల్లలు సైతము ఎరుగుదురు. అయితే ఆయన చేసిన మరియొక సేవ గలదు. అది నోరులేని ప్రాణులకు, యుద్ధభూమి నడుమ, తన చేతులతో చేసినది. దానిని తలచుకొనువారు తక్కువ.

ఈ ఘట్టమును నేడు ఎత్తికొనుటకు ఒక గృహస్థుని ప్రశ్న కారణము. ఆయనది ఉట్నూరు ప్రాంతము. పెండ్లి ఊరేగింపులకును, ఉత్సవములకును గుఱ్ఱమును తోలి జీవించువాడు. జీను రాపిడివలన ఆ గుఱ్ఱమునకు మూపున పుండు పడినది. ముహూర్తముల రోజులగుటచే అది మానకముందే మరల జీను కట్టిరి. అంతలో ఒక ఊరేగింపున దాని కాళ్లయొద్దనే టపాకాయలు ప్రేలినవి. నాటినుండి జీను కంటబడినను, డోలు వినబడినను అది వణకి ప్రక్కకు దుముకుచున్నది. "అయ్యగారూ! కొట్టి లొంగదీయుమని కొందరును, వచ్చిన ధరకు అమ్మివేయుమని కొందరును చెప్పుచున్నారు. మా ఇల్లు దానిమీదనే గడచుచున్నది. ఏది ధర్మమో తెలుపుడు" అని ఆయన అడిగిరి.

ఈ ప్రశ్నకు సమాధానము మహాభారతమున ద్రోణపర్వములో నున్నది.

అది కురుక్షేత్ర సంగ్రామమున పదునాల్గవ దినము. అభిమన్యుడు మరణించిన మరునాడు. సూర్యాస్తమయములోపల జయద్రథుని వధింపనిచో అగ్నిప్రవేశము చేయుదునని అర్జునుడు ప్రతిజ్ఞ పూనియుండెను. సూర్యుడు పడమటికి వ్రాలుచుండెను. జయద్రథుడు ఇంకను దూరముననే యుండెను. ఆ సమయమున శ్వేతాశ్వములు బాణములు నాటి, దప్పిగొని, అలసి నడువలేకపోయినవి.

తొందర యనునది దీనికంటె ఎక్కువగా ఎవరికుండును? ఆలస్యమైనచో పోవునది అర్జునుని ప్రాణము. అట్టి వేళ గుఱ్ఱములను విప్పి, వాని మేనిలోని బాణములు తీయవలెనని అర్జునుడు తలచెను. తన అభిప్రాయమును అదియేనని శ్రీకృష్ణుడు పలికెను. కొరడా మాట ఇద్దరిలో ఎవరి నోటను రాలేదు. అర్జునుడు రథము దిగి, నేలపై నిలిచి, శత్రుసేనను ఒంటరిగా అడ్డుకొనెను. గుఱ్ఱములకు త్రాగుటకు నీరు లేదని స్వామి చెప్పగా, అస్త్రముతో భూమిని భేదించి సరస్సును కల్పించెను. బాణములతో ఒక గృహమునే నిర్మించి గుఱ్ఱములకు మరుగు కల్పించెను. అంతట శ్రీకృష్ణుడు చిరునవ్వుతో గుఱ్ఱములను విప్పెను. బాణములను పెరికివేసెను. రెండు చేతులతో వాని మేనిని నిమిరెను. నీరు త్రావించి, స్నానము చేయించి, నేలపై పొరలనిచ్చి, మేత మేపెను. అలసట పూర్తిగా తీరిన తరువాతనే మరల రథమునకు పూన్చెను.

వ్యాసభగవానుడు ఇచ్చట వాని శ్రమను, గ్లానిని, వ్రణములను చెప్పుటతోపాటు వేపథువును, అనగా వణకును గూడ ప్రత్యేకముగా చెప్పినాడు. స్వామి అన్నింటిని పోగొట్టెను. పుండు మానినను వణకు మానకున్న చికిత్స ముగియలేదని మనము గ్రహింపవలెను.

క్రమమును గూడ గమనింపుడు. మొదట మరుగును, నీరును. పిమ్మట విప్పుట. పిదప బాణమును తీయుట. అటుపై చేతితో నిమురుట. మేతయు విశ్రాంతియు తరువాత. కాడి కట్టుట అన్నిటికంటె చివర. మనము సామాన్యముగా ఈ వరుసను తలక్రిందులు చేయుదుము. కాడి ముందు, కొరడా తరువాత, మందు చివర.

అశ్వవిద్యలో నకులునికి సాటిలేదు. విరాటుని కొలువున గ్రంథికుడను పేరుతో చేరునప్పుడు తనకు తెలిసినవి నాలుగు విషయములని అతడు చెప్పుకొనెను. గుఱ్ఱముల స్వభావము, వానికి శిక్షణ, చెడు నడక పట్టినవానిని దిద్దుట, సమస్త చికిత్స. ఇందు స్వభావము మొదట నున్నది. గుఱ్ఱము పచ్చికమైదానములలో మందగా బ్రదికిన సాధుజంతువు. క్రూరమృగముల బారినుండి దానిని కాపాడినది పరుగు ఒక్కటియే. కన్నులు తలకు ఇరుప్రక్కల నుండుటచే అది ఇంచుమించు చుట్టును చూడగలదు. ముక్కునకు నేరుగా ఎదురుగను, తోకకు వెనుకను మాత్రము దానికి కనబడదు. కనుక బెదరుట దాని దుర్బుద్ధి కాదు, దానికి దేవుడిచ్చిన రక్షణము. నొప్పిగల గుఱ్ఱమునకు ఆ బెదురు రెట్టింపగును. కొట్టినచో అది నేర్చుకొనునది ఒక్కటే: డోలు మ్రోగినప్పుడు దెబ్బ పడును అని.

దుఃఖమును గూడ అది ఎరుగును. శ్రీరాముని గంగాతీరమున దింపి సుమంత్రుడు మరలినప్పుడు గుఱ్ఱములు వేడి కన్నీరు కార్చి అడుగు వేయలేదని వాల్మీకిమహర్షి చెప్పెను. సుమంత్రుడు దానిని దశరథునికి విన్నవించెనే గాని వానిని నిందింపలేదు.

ఇక ఆ గృహస్థునికి చెప్పిన మాటలను మీకును మనవి చేయుచున్నాను. మొదట జీను దింపుడు. పశువుల దవాఖానలో వైద్యునికి పుండును, వెన్నును, డెక్కలను, పండ్లను చూపుడు. అదియే బాణమును వెదకి తీయుట. నొప్పి ఎచ్చటనో తెలియక బెదురును మాన్పలేము. పరిశుభ్రమైన నీరు ఎల్లప్పుడును అందుబాటున నుంచుడు. గుఱ్ఱము దినమునకు సుమారు 25 నుండి 40 లీటర్లు త్రాగును, ఎండలలో ఇంకను ఎక్కువ. దాణా కొంచెము కొంచెముగా పలుమారులు పెట్టి, గడ్డి ఎక్కువగా వేయుడు. పుండు మానిన పిమ్మట అరచేతితో మూపును, వెన్నును మెల్లగా నొక్కి చూడుడు. చర్మము అదరినను, వెన్ను క్రుంగినను ఇంకను కాలము రాలేదని తెలియుడు. పాత జీనునే మరల కట్టినచో పాత పుండే మరల లేచును. జీను వంపునకును మూపునకును నడుమ ఖాళీ యుండవలెను. క్రింద వేయు గుడ్డను చెమట ఉప్పు లేకుండ ఉతికి ఆరవేయవలెను.

పని మొదలిడునప్పుడు పగ్గము పట్టుకొని ప్రక్కన నడిపింపుడు. కొన్ని దినములకు వట్టి జీను, అదియు కొంతసేపే. అది నెమ్మదిగా నున్నప్పుడే విప్పుడు. అలసి విసుగు చెందువరకు ఉంచకుడు. తరువాత తేలికైనవాని ఎక్కించి కొద్దిదూరము నడుపుడు. డోలును చేనికి ఆవల మ్రోగించి, ఇచ్చట దాణా పెట్టుడు. అది నములుచున్నంతకాలము దినమున కొక అడుగు దగ్గరకు తెండు. నమలుట మాని తల ఎత్తినచో వెనుకకు పొండు. జంకని ముసలి గుఱ్ఱము తోడుండిన మరియు మేలు. వెనుకనుండి సమీపింపక, పలుకరించుచు భుజమువైపునుండి పొండు.

దీనికి నెలలు పట్టవచ్చును. ఒక ముహూర్తకాలపు రాబడి పోవును. ఆ నష్టము చిన్నది కాదు. కాని మానని పుండుపై జీను కట్టినచో ఏడాదుల రాబడియే పోవును. పైనెక్కిన పెండ్లికుమారునికిని అపాయము కలుగును. మన దేశమున 1960 సంవత్సరపు జంతుహింసా నివారణ చట్టము, పుండుచేత పనికి తగనిదైన జంతువుతో పని చేయించుటను నేరముగా చెప్పుచున్నది. 1965 నియమములు జీను మూపును ఒరయరాదనియు, 37 డిగ్రీలు మించిన ఎండ గలచోట మధ్యాహ్నము 12 నుండి 3 గంటలవరకు బండి లాగు, బరువు మోయు జంతువులను పనికి కట్టరాదనియు చెప్పినవి. చట్టము రాకముందే స్వామి ఈ ధర్మమును ఆచరించి చూపెను.

ఈ భారము గుఱ్ఱమువాని ఒక్కని మీదనే మోపుట న్యాయము కాదు. గుఱ్ఱమును కుదుర్చుకొను పెండ్లివారును, ఉత్సవనిర్వాహకులును జీను క్రింద ఒక్కసారి చూడవలెను. దాని కాళ్లయొద్ద టపాకాయలు కాల్చరాదు. పుండున్నదని చెప్పి మానుకొన్నవానిపై కోపపడరాదు. ఉట్నూరునకు చేరువనున్న కేస్లాపూరులో పుష్యమాసమున జరుగు నాగోబా జాతరకు మెస్రం వంశీయులు ఎడ్లబండ్లపై వత్తురు. పశువుతో కూడి దేవుని సన్నిధికి పోవు సంప్రదాయము గల సీమ అది. మోసిన ప్రాణికిని ఆ యాత్రాఫలములో పాలున్నదని అచ్చటివారికి వేరుగా చెప్పనక్కరలేదు.

కఠోపనిషత్తు మన శరీరమును రథమనియు, ఇంద్రియములను గుఱ్ఱములనియు, మనస్సును పగ్గమనియు, బుద్ధిని సారథి యనియు చెప్పినది. ఆ ప్రయాణమునకు గమ్యము విష్ణుని పరమపదము. భగవద్రామానుజులు శ్రీభాష్యమున ఈ రథరూపకమును విచారించిరి. చాలామంది సాధకులు జపమునకు కూర్చుండగానే మనస్సు బెదరి పారిపోవుచున్నదని వాపోవుదురు. దానిని తిట్టుదురు, ఉపవాసములతో దండింతురు. అచ్చటను నాటిన బాణమేదో ముందు చూడవలెను. తీరని దుఃఖమో, ఎవరితోనో గల వైరమో, చేసిన అపచారమో అయియుండును. దానిని స్వామి సన్నిధిని విన్నవించి తీయించుకొని, పిమ్మట కొద్దిపాటి నామస్మరణను నియతవేళకు అలవరచుకొన్నచో మనస్సు తానే కాడికి వచ్చును. చదువన్న వణకు పిల్లవానికిని ఇదియే వైద్యము.

చెన్నపట్టణమున తిరువల్లిక్కేణిలో వేంచేసియున్న పార్థసారథిస్వామి ఉత్సవమూర్తిని సేవించినవారు ఆ శ్రీముఖముపై గల గాయపు గుర్తులను చూచియుందురు. అవి సారథ్యమున తగిలిన భీష్ముని బాణపు దెబ్బలని పెద్దలందురు. గుఱ్ఱముల మేనినుండి బాణములు తీసిన స్వామి, తన ముఖముపై గాయములను మాత్రము మన కన్నుల ఎదుట నిలుపుకొనెను. తిరుమల బ్రహ్మోత్సవములలో ఎనిమిదవ నాటి ఉదయము రథముపైనను, రాత్రి అశ్వవాహనముపైనను మలయప్పస్వామి ఊరేగును. ఆ సేవ చూచి చేతులు జోడించునప్పుడు మన కొట్టములోని ప్రాణి తలపునకు రావలెను.

కాబట్టి కొట్టుట ధర్మము కాదు, వదలివేయుటయు ధర్మము కాదు. మాన్పి, నమ్మించి, మరల పూన్చుటయే ధర్మము. స్వామి గుఱ్ఱములను విప్పినందున ఆనాటి పని చెడలేదు. ఆ గుఱ్ఱములే సాయంకాలమునకు అర్జునుని ప్రతిజ్ఞను నెరవేర్చి తెచ్చినవి.

ఆ పార్థసారథి కటాక్షము మన ఇండ్లపైనను, మనకొరకు బరువు మోయు ప్రాణులపైనను ఎల్లవేళల ప్రసరించుగాక!